గది వేడిమిలో ద్రవంగా నిలిచిన ఉప్పు: పాల్ వాల్డెన్ విద్యుత్ రసాయన పరిశోధన, దాని ఫలాలు

వంటింటి ఉప్పును కరిగించి ద్రవంగా మార్చాలంటే 801 డిగ్రీల సెల్సియస్ వేడి అవసరం. ఉప్పును నీటిలో కలపడం వేరు. నీటిచుక్క లేకుండా ఉప్పునే ద్రవంగా మార్చడం వేరు. 1914వ సంవత్సరంలో పాల్ వాల్డెన్ అనే రసాయన శాస్త్రవేత్త 12 డిగ్రీల వద్దనే కరిగి, గది వేడిమిలో ద్రవరూపంలోనే ఉండే ఒక లవణాన్ని వర్ణించి, దాని విద్యుద్వాహకతను కొలిచి ప్రకటించారు. ఆనాడు ఆ పరిశోధనా పత్రాన్ని గమనించినవారు బహు తక్కువ. అదే లవణం నేడు 'అయానిక ద్రవాలు' అనే విస్తృతమైన రసాయన కుటుంబానికి తొలి ఉదాహరణలలో ఒకటిగా గుర్తింపు పొందింది. చమురు శుద్ధి, సహజవాయువు నుండి పాదరసం తొలగింపు, కొత్త తరహా బ్యాటరీల రూపకల్పన వంటి రంగాలలో ఈ కుటుంబానికి చెందిన ద్రవాలు ప్రవేశించాయి.

తక్షణ ప్రయోజనం కనిపించని పరిశోధనకు ఎంత విలువ ఇవ్వాలన్న ప్రశ్న, నిధులు మంజూరు చేసే ప్రతి ప్రభుత్వం ముందూ ఉంటుంది. వాల్డెన్ పరిశోధనా జీవితం, ఆయన తరువాతి నూరేళ్ల చరిత్ర ఆ ప్రశ్నను పరిశీలించడానికి చక్కని ఉదాహరణ.

అయానిక ద్రవం అంటే ఏమిటి?

నీరు, ఆల్కహాలు, బెంజీన్ వంటి సాధారణ ద్రవాలు విద్యుదావేశం లేని అణువులతో ఏర్పడతాయి. లవణాలు అలా కాదు. వాటిలో ధనావేశం గల కణాలు, ఋణావేశం గల కణాలు ఒకదానినొకటి గట్టిగా ఆకర్షిస్తూ ఉంటాయి. ఈ ఆవేశిత కణాలనే అయానులు అంటారు. సోడియం, క్లోరైడ్ అయానులు చిన్నవి, గుండ్రనివి. ఒకే కొలతగల ఇటుకలను గోడగా పేర్చినట్లు అవి క్రమంగా అమరిపోతాయి. ఆ గోడను విడదీయడానికి అంత వేడి కావలసి రావడానికి కారణం ఇదే.

అయానులలో ఒకటి పెద్దదిగా, వంకర ఆకృతితో ఉన్నట్లయితే ఆ పేర్పు కుదరదు. ఆవేశం కూడా ఒకచోట కేంద్రీకృతం కాక అణువంతటా పరచుకుంటుంది. ఫలితంగా ఆకర్షణ సడలి, లవణం తక్కువ వేడికే కరుగుతుంది. 100 డిగ్రీల సెల్సియస్ లోపు కరిగే లవణాలను నేడు అయానిక ద్రవాలుగా వ్యవహరిస్తున్నారు. వీటిలో విద్యుత్తును మోసుకుపోవడానికి వేరే ద్రావణి అవసరం లేదు. ద్రవమంతా అయానులమయమే.

రీగా నగరంలో తొలి అడుగులు

పాల్ వాల్డెన్ 1863లో నేటి లాట్వియా దేశంలో, నాటి రష్యా సామ్రాజ్యంలో, త్సేసిస్ పట్టణ సమీపంలోని ఒక రైతు కుటుంబంలో జన్మించారు. బాల్యంలోనే తల్లిదండ్రులను కోల్పోయిన ఆయన అన్నల ఆర్థిక సహాయంతో చదువు సాగించారు. 1882లో రీగా పాలిటెక్నిక్‌లో చేరారు. అప్పుడు అక్కడ రసాయన శాస్త్ర ఆచార్యులుగా ఉన్నవారు విల్‌హెల్మ్ ఓస్ట్వాల్డ్. తరువాతి కాలంలో, 1909లో, ఆయన నోబెల్ పురస్కారం అందుకున్నారు.

ఉప్పు నీటిలో కలిసినప్పుడు అయానులుగా విడిపోతుందని స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అర్హీనియస్ ప్రతిపాదించిన రోజులవి. చాలామంది రసాయన శాస్త్రవేత్తలు ఆ సిద్ధాంతాన్ని నమ్మలేదు. ఓస్ట్వాల్డ్ మాత్రం దానికి అండగా నిలిచారు. సిద్ధాంతం నిజమో కాదో తేల్చడానికి ఉన్న ప్రధాన మార్గం ద్రావణాల విద్యుద్వాహకతను ఓపికగా కొలవడమే. ఓస్ట్వాల్డ్ మార్గదర్శకత్వంలో వాల్డెన్ లవణ ద్రావణాల వాహకతను కొలిచారు. ఆ పని 1887లో వెలువడింది. ఒక లవణ ద్రావణాన్ని రెండు వేర్వేరు పలుచనలలో కొలిచి, ఆ తేడాను బట్టి దాని మాతృ ఆమ్లపు స్వభావాన్ని చెప్పవచ్చని గురుశిష్యుల కృషి వల్ల తేలింది. విద్యార్థి దశలో చేపట్టిన ఈ కొలతల పనిని వాల్డెన్ దశాబ్దాల పాటు విడిచిపెట్టలేదు.

లైప్‌జిగ్‌లో 1891లో ఉన్నత పట్టా పొందిన పిమ్మట ఆయన రీగాకు తిరిగివచ్చి, 1894లో ఆచార్య పదవి స్వీకరించారు. 1896లో మాలిక్ ఆమ్లంపై ఆయన జరిపిన ప్రయోగాలు రసాయన ప్రపంచాన్ని ఆశ్చర్యపరచాయి. అద్దంలోని ప్రతిబింబాలవలె కుడి, ఎడమ రూపాలు గల ఈ పదార్థాన్ని వరుస రసాయన చర్యలతో ఒక రూపం నుండి మరొక రూపానికి మార్చవచ్చని ఆయన నిరూపించారు. 'వాల్డెన్ విలోమం' పేరుతో ఇది నేటికీ విశ్వవిద్యాలయ పాఠ్యపుస్తకాలలో ఉన్నది. ఆయనకు పేరు తెచ్చినది ఈ ఆవిష్కరణ. అయితే ఆయన ఎక్కువ కాలం వెచ్చించినది విద్యుత్ రసాయన శాస్త్రంలోనే.

నీరు లేని ద్రావణాలు

పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశలో అయానులకు సంబంధించిన విజ్ఞానం దాదాపుగా నీటి చుట్టూనే తిరిగింది. నీటికి మాత్రమే ఈ శక్తి ఉన్నదా, ఇతర ద్రవాలకు కూడా ఉన్నదా అని వాల్డెన్ ప్రశ్నించారు. 1899 ప్రాంతంలో ద్రవ సల్ఫర్ డయాక్సైడ్‌తో ప్రారంభించి, పదుల సంఖ్యలో ఇతర ద్రావణులను ఆయన పరీక్షించారు. ప్రతి ద్రావణిలోనూ పోలికకు వీలుగా టెట్రాఇథైల్ అమ్మోనియం అయొడైడ్ అనే ఒకే లవణాన్ని కరిగించి వాహకతను కొలవడం ఆయన పద్ధతి.

1905, 1906 నాటికి ఈ కొలతల నుండి ఒక సరళమైన సంబంధం బయటపడింది. ద్రవపు స్నిగ్ధత, అనగా చిక్కదనం పెరిగిన కొద్దీ వాహకత అదే నిష్పత్తిలో తగ్గుతుంది. రెండింటినీ గుణిస్తే వచ్చే విలువ దాదాపు మారదు. గట్టు మీద చకచకా నడిచే రైతు బురదమడిలో దిగితే అడుగు మెల్లగా పడినట్లే, చిక్కని ద్రవంలో అయాను కదలిక మందగిస్తుంది. ఈ సంబంధమే 'వాల్డెన్ నియమం'గా ప్రసిద్ధి పొందింది. దీనికి కొన్ని మినహాయింపులున్నా, విద్యుద్విశ్లేష్యాల అధ్యయనంలో ఇది నేటికీ తొలి కొలమానం.

1914 నాటి పరిశోధనా పత్రం

1910లో వాల్డెన్ సెయింట్ పీటర్స్‌బర్గ్ విజ్ఞాన అకాడమీ సభ్యులయ్యారు. మరుసటి ఏడాది అకాడమీ రసాయన ప్రయోగశాల బాధ్యతలు చేపట్టారు. పద్దెనిమిదవ శతాబ్దంలో మిఖాయిల్ లొమొనోసోవ్ నెలకొల్పిన ప్రయోగశాల అది. రీగా నివాసాన్ని వదలకుండా, రైలులో రాకపోకలు సాగిస్తూ ఆయన రెండు చోట్లా పని నిర్వహించారు.

ఈ దశలో ఆయన ముందున్న ప్రశ్న మరింత లోతైనది. ద్రావణిని పూర్తిగా తొలగించి, లవణాన్ని మాత్రమే ద్రవరూపంలో పరిశీలిస్తే ఏమవుతుంది? సాధారణ లవణాలను కరిగించడానికి వందల డిగ్రీల వేడి కావాలి. అంత వేడిలో పాత్రలు దెబ్బతింటాయి, కొలతలలో తప్పులు దొర్లుతాయి. కనుక సుమారు 100 డిగ్రీల లోపు కరిగే లవణాలను ఆయన ఎంచుకున్నారు. అటువంటివాటిని పరీక్షిస్తే సాధారణ ప్రయోగశాల పరికరాలతోనే కచ్చితమైన ఫలితాలు పొందవచ్చని ఆయన భావించారు. నేటి నిర్వచనంలోని 100 డిగ్రీల హద్దుకు మూలం ఈ ఆచరణాత్మకమైన ఎంపికలోనే కనిపిస్తుంది.

ఆ లవణాలలో ఒకటి ఇథైల్ అమ్మోనియం నైట్రేట్. ఇథైల్ అమీన్‌కు నత్రికామ్లం కలిపి, నీటిని తొలగిస్తే లభించే ఈ పదార్థం 12 డిగ్రీల వద్ద కరుగుతుంది. కరిగిన లవణాల అణు పరిమాణం, విద్యుద్వాహకతల గురించిన ఆయన పత్రం 1914లో అకాడమీ పత్రికలో జర్మన్ భాషలో అచ్చయింది. అంతకుముందు 1888లో గాబ్రియేల్, వీనర్ అనే శాస్త్రవేత్తలు 52-55 డిగ్రీల మధ్య కరిగే ఇటువంటి మరొక లవణాన్ని పేర్కొన్నారు. అయితే గది వేడిమికి దిగువన కరిగే లవణాన్ని తీసుకొని, దాని విద్యుత్ ధర్మాలను క్రమబద్ధంగా పరిశీలించిన ఘనత వాల్డెన్‌కు దక్కింది. దాని వల్ల ఏ ప్రయోజనం ఉంటుందన్న చర్చ ఆ పత్రం ఉద్దేశం కాదు.

యుద్ధం, వలస, విస్మృతి

అదే ఏడాది మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. యుద్ధరంగం సమీపించడంతో 1915లో రీగా పాలిటెక్నిక్‌ను మాస్కోకు తరలించారు. తరువాత విప్లవం, అంతర్యుద్ధం వచ్చాయి. 1919లో వాల్డెన్ జర్మనీకి తరలివెళ్లి, రోస్టోక్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా చేరి, 1934లో పదవీ విరమణ చేశారు. 1942లో రోస్టోక్ నగరంపై జరిగిన బాంబు దాడులలో ఆయన జీవితకాలం సేకరించిన గ్రంథాలయం కాలిపోయింది. అప్పటికి ఆయన వయస్సు 78 సంవత్సరాలు. యుద్ధానంతరం దక్షిణ జర్మనీలో నివసిస్తూ, ట్యూబింగెన్‌లో రసాయన శాస్త్ర చరిత్రపై ఉపన్యాసాలిచ్చారు. 1957 జనవరి 22న గామర్టింగెన్‌లో 93వ ఏట కన్నుమూశారు. తాను కొలిచిన లవణం ఒక కొత్త శాస్త్ర శాఖకు ఆద్యమవుతుందన్న సంగతి ఆయన జీవించి ఉండగా వెల్లడి కాలేదు.

వేరొక దారిలో అదే గమ్యం

అయానిక ద్రవాల పునరాగమనం వాల్డెన్ పత్రం నుండి నేరుగా జరగలేదు. అమెరికాలో లోహాల పూత, బ్యాటరీల అవసరాలు శాస్త్రవేత్తలను వేరొక దారిలో అక్కడికి చేర్చాయి. అల్యూమినియం పూతను నీటి ద్రావణం నుండి వేయడం సాధ్యం కాదు. విద్యుత్తు పంపగానే అల్యూమినియం కంటె ముందు నీటిలోని హైడ్రోజన్ వెలువడుతుంది. టెక్సాస్‌లో ఫ్రాంక్ హర్లీ, థామస్ వియర్‌లు ఇథైల్ పిరిడినియం బ్రోమైడ్‌ను అల్యూమినియం క్లోరైడ్‌తో కలిపి, గది వేడిమిలోనే ద్రవంగా ఉండే మిశ్రమాన్ని సాధించి, దాని నుండి అల్యూమినియం పూత వేయగలిగారు. వారి ఫలితాలు 1951లో వెలువడ్డాయి.

1963లో కొలరాడోలోని అమెరికా వాయుసేన అకాడమీలో లోవెల్ కింగ్ మరొక సమస్యపై దృష్టి సారించారు. క్షిపణులలో వాడే ఉష్ణ బ్యాటరీలు కరిగిన లవణాలపై పనిచేస్తాయి. వాటిలో వాడే లిథియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్ మిశ్రమం కరగడానికే 355 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడి పరిసరాలలోని పరికరాలను దెబ్బతీస్తుంది. తక్కువ వేడికి కరిగే లవణం కోసం సాగిన ఈ అన్వేషణ దాదాపు రెండు దశాబ్దాలు కొనసాగింది. తొలుత వాడిన పిరిడినియం లవణాలు బ్యాటరీలోని క్రియాశీల లోహాల ముందు నిలవలేక విచ్ఛిన్నమయ్యేవి. 1982లో జాన్ విల్క్స్, చార్లెస్ హస్సీ, వారి సహచరులు ఇమిడజోలియం అనే కొత్త అయాను గల ద్రవాలను ప్రకటించడంతో ఆ అవరోధం చాలావరకు తొలగింది.

అయినప్పటికీ ఒక ఇబ్బంది మిగిలింది. అల్యూమినియం క్లోరైడ్ గల ద్రవాలు గాలిలోని తేమ తగిలితే చెడిపోతాయి. వాటిని తేమ చొరబడని మూసిన పెట్టెలలో మాత్రమే వాడవలసి వచ్చేది. 1992లో విల్క్స్, మైకేల్ జవరోట్కో తేమను తట్టుకునే ఇమిడజోలియం లవణాలను ప్రకటించారు. దానితో ప్రత్యేక సదుపాయాలు లేని సాధారణ ప్రయోగశాలలకు కూడా ఈ రంగం అందుబాటులోకి వచ్చింది. ఇథైల్ అమ్మోనియం నైట్రేట్‌పై కూడా, 1980 దశకంలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఫెన్నెల్ ఇవాన్స్ బృందం తిరిగి అధ్యయనం చేపట్టింది. సబ్బు వంటి పదార్థాలు నీటిలో గుమిగూడినట్లే ఈ ద్రవంలోనూ గుమిగూడతాయని వారు కనుగొన్నారు.

పరిశ్రమలో ప్రవేశం

1999లో ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ క్వీన్స్ విశ్వవిద్యాలయంలో కెన్నెత్ సెడాన్ నాయకత్వాన, పరిశ్రమల భాగస్వామ్యంతో అయానిక ద్రవాల పరిశోధనా కేంద్రం ఏర్పాటయింది. 2002లో జర్మనీకి చెందిన బీఏఎస్ఎఫ్ సంస్థ తన ఉత్పత్తి ప్రక్రియలో ఒక అయానిక ద్రవాన్ని ప్రవేశపెట్టింది. రసాయన చర్యలో వెలువడే ఆమ్లాన్ని పూర్వం వేరొక క్షారంతో పట్టితే గట్టి ముద్ద ఏర్పడి, కలియబెట్టడం కష్టమయ్యేది. మిథైల్ ఇమిడజోల్‌తో పట్టినప్పుడు ఏర్పడే లవణం 75 డిగ్రీలకే కరుగుతుంది. అది ద్రవంగా అడుగున చేరి, నూనె, నీరు వేరైనట్లు ఉత్పత్తి నుండి తేలికగా విడిపోతుంది.

బెల్‌ఫాస్ట్ కేంద్రం మలేసియాకు చెందిన పెట్రోనాస్ సంస్థతో కలిసి సహజవాయువులోని పాదరసాన్ని తొలగించే పదార్థాన్ని రూపొందించింది. 2011 నుండి అది వాయు శుద్ధి కర్మాగారాలలో వినియోగంలోకి వచ్చింది. 2021లో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో షెవ్రాన్ సంస్థ తన చమురు శుద్ధి కర్మాగారంలోని ఒక విభాగంలో అత్యంత ప్రమాదకరమైన హైడ్రోఫ్లోరిక్ ఆమ్లానికి బదులు అయానిక ద్రవాన్ని ప్రవేశపెట్టింది.

బ్యాటరీల విషయానికి వస్తే, సిద్ధాంతరీత్యా నీరు 1.23 వోల్టుల వద్దనే విచ్ఛిన్నం కావడం మొదలవుతుంది. అయానిక ద్రవాలలో అనేకం 4 వోల్టులకు పైగా నిలుస్తాయి. వీటిలో చాలావరకు సులభంగా ఆవిరి కావు, సులభంగా మంటలంటుకోవు. 2015లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో హాంగ్జీ దాయ్ బృందం అల్యూమినియం, గ్రాఫైట్‌లతో ఒక బ్యాటరీని ప్రదర్శించింది. అది 7,500 సార్లు చార్జి చేసినా గణనీయంగా క్షీణించలేదు. అందులో వాడిన ద్రవం వాయుసేన ప్రయోగశాల 1982లో వెల్లడించిన ఇమిడజోలియం క్లోరైడ్, అల్యూమినియం క్లోరైడ్ మిశ్రమమే. అయితే చిక్కదనం, ధర అనే రెండు అవరోధాలు అయానిక ద్రవాల విస్తృత వినియోగానికి నేటికీ అడ్డు నిలుస్తున్నాయి. చిక్కదనం ఎక్కువైతే అయానుల కదలిక మందగిస్తుందన్నది వాల్డెన్ నియమమే. ఈ ద్రవాలలో ఎంత శాతం అయానులు స్వేచ్ఛగా కదులుతున్నాయో అంచనా వేయడానికి 2003లో ఆస్టిన్ ఏంజెల్ బృందం ఆ నియమాన్నే కొలబద్దగా స్వీకరించడం గమనార్హం.

'హరిత' బిరుదుకు పరీక్ష

2000 దశకం తొలి సంవత్సరాలలో అయానిక ద్రవాలకు 'హరిత ద్రావణులు' అన్న పేరు విస్తృతంగా ప్రచారమైంది. ఆవిరి కావు గనుక గాలిని కలుషితం చేయవన్నది దానికి ఆధారం. కొలతలు ఆ మాటను సవరించాయి. విస్తృతంగా వాడుకలో ఉన్న హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ రకపు ద్రవం నీటితో చర్య జరిపి, విషపూరితమైన హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాన్ని వెలువరించగలదని 2003లో అలబామా విశ్వవిద్యాలయంలోని రాబిన్ రోజర్స్ బృందం హెచ్చరించింది. అయానిక ద్రవాల సహాయంతో సెల్యులోజ్‌ను కరిగించే పద్ధతిని 2002లో ప్రకటించినది కూడా ఈ బృందమే. పొడవైన కార్బన్ గొలుసులు గల రకాలు జలచరాలకు హానికరమని తరువాతి పరీక్షలు తెలిపాయి. కొన్ని అయానిక ద్రవాలను శూన్యంలో వేడిచేసి ఆవిరిగా మార్చి, తిరిగి ద్రవంగా పొందవచ్చని 2006లో బెల్‌ఫాస్ట్ శాస్త్రవేత్తలు, ఇతర దేశాల సహచరులు నిరూపించారు.

కావున 'అయానిక ద్రవం' అన్న పేరు చూసి అది సురక్షితమని గాని, ప్రమాదకరమని గాని తీర్మానించరాదు. ఒక ప్రక్రియకు అనుమతి కోరినప్పుడు అందులో ఉన్న అయానులు ఏవి, తేమ తగిలితే అవి ఏమవుతాయి, వాడిన ద్రవంలో ఎంత భాగాన్ని తిరిగి రాబట్టగలరు, వ్యర్థ జలాలలో కలిస్తే ప్రకృతిలో విచ్ఛిన్నమవుతాయా, అవి ఏ పాత ద్రావణి స్థానంలో వస్తున్నాయి అన్న అంశాలు పరిశీలించవలసి ఉంటుంది. ఈ అంశాలన్నింటికీ సమాధానం ప్రయోగశాల కొలతలలోనే లభిస్తుంది.

తెలుగు నేలతో సంబంధం

హైదరాబాద్‌లోని భారత రసాయన సాంకేతిక సంస్థ శాస్త్రవేత్తలు 2000 దశకంలో అయానిక ద్రవాలను మాధ్యమంగా ఉపయోగించి అనేక సేంద్రియ రసాయన చర్యలను జరిపి, పరిశోధనా పత్రాలు ప్రచురించారు. ఔషధాల తయారీలో ద్రావణుల వాడకం అధికం. హైదరాబాద్ పరిసరాలలో ఔషధ పరిశ్రమ కేంద్రీకృతమై ఉన్నందున, ద్రావణుల ఎంపిక, వాటిని తిరిగి వినియోగించడం ఇక్కడి గాలికి, నీటికి నేరుగా సంబంధించిన విషయాలు. తమిళనాడులోని కల్పాక్కంలో గల ఇందిరాగాంధీ అణు పరిశోధనా కేంద్రంలో అణు ఇంధన పునఃశుద్ధికి అయానిక ద్రవాల వినియోగంపై పరిశోధనలు జరిగాయి.

కొలతల విలువ

వాల్డెన్ లవణానికి, నేటి బ్యాటరీ ప్రయోగాలకు మధ్య రెండు ప్రపంచ యుద్ధాలు, నూరు సంవత్సరాలు ఉన్నాయి. ఆయన గ్రంథాలయం కాలిపోయింది. అచ్చయి వేర్వేరు దేశాల గ్రంథాలయాలకు చేరిన ఆయన పత్రం మాత్రం నిలిచింది. అందులోని అంకెలు నమ్మదగినవి కావడం వల్లనే దశాబ్దాల తరువాత ఇతరులు వాటిని అందుకొని ముందుకు సాగగలిగారు. ఏ కొలత ఎప్పుడు, ఎవరికి అక్కరకు వస్తుందో ముందుగా నిర్ణయించడం సాధ్యం కాదు. జాగ్రత్తగా కొలవడం, ఫలితాన్ని ప్రచురించడం, ప్రచురించినదానిని భద్రపరచడం మాత్రం సాధ్యమే. విశ్వవిద్యాలయాలు, ప్రయోగశాలలు, వాటికి నిధులు సమకూర్చే ప్రభుత్వాలు నెరవేర్చవలసిన బాధ్యత ఇదేనని 12 డిగ్రీలకు కరిగిన ఆ ఉప్పు చరిత్ర తెలియజేస్తున్నది.